బురుజు మీదికి ఏ తుపాకి

సూపరింటెండెంటు సాబు తెల్లకాయిదం చేతిల పెట్టి
"నాలుగు బురుజులకు ఏ తుపాకులు గావాల్నో
పందొమ్మిదేండ్ల సంది ఎక్కి దిగుతున్నోనివి,
నువ్వే రాసియ్యి కురుమూర్తీ" అన్నడు.
పాలమూరు జైల్ల ఇంతవరకు
నన్నెవ్వలూ ఏదీ అడుగలే.
ఏదిస్తే అది భుజానికేసుకొని
నలభై రెండు ఇనుప మెట్లు ఎక్కిన.

దస్తగిరి హవల్దారు బీరువా తెరిచి
ఒక్కొక్కటి తీసి బల్ల మీద పరిచిండు,
దుకాణంల నారాయణపేట చీరలు పరిచినట్టు.

త్రీనాట్‌త్రీ. పాతది. కర్ర కుందా మీద
ఎవలెవలి చెంపల చెమటో నల్లగ పేరుకున్నది.
చెయ్యి పెట్టంగనే మచ్చికైన ఎద్దు లెక్క నిలబడ్తది.
గని బరువు. ఎక్కేటప్పుడు మెట్టు మెట్టుకు
టంగుమని తగిలి
నేనొస్తున్ననని బ్యారక్‌కంత చాటుతది.

ఎస్సెల్లారు గుండుకు ఆగుడు తెల్వదు.
ఈ గోడ దాటి, ములాఖత్ లైను దాటి,
జడ్చర్ల బస్సు అద్దంల ఇటు దూరి అటు ఎల్లి,
ఇంకా కోపం మిగిలితే
పల్లికాయ బస్తా మీద బీడి ముట్టిస్తున్న
హమాలి తాన్కి పోతది.
నాకంత దూరం పని లేదు.
ఎనభై గజాల నేల, ఒక చేద బాయి,
దండెం మీద తెల్ల అంగీలు, గంతే.

ఇన్సాస్‌కు అద్దమసొంటి మ్యాగజీను.
తూటాలు కనబడ్తయి,
కిరాణం సీసాల పిప్పరమెంట్ల లెక్క.
చూడబుద్దయితది. చూసినంక లెక్కబెట్టబుద్దయితది.
లెక్కబెట్టినంక
వద్దు.

మా నాయిన గడ్డపార కొన్ననాడు నేను ఎంట ఉన్న.
మేస్త్రి లారీ ఎక్కితే మళ్ల ఆర్నెల్లకు ఇంటికొచ్చే మనిషి.
కొల్లాపూర్ అంగట్ల ఒక్కొక్క పారను రాయి మీద కొట్టి
చెవు దగ్గరికి తెచ్చుకునేటోడు.
"మోగితే మంచిది. మోగకుంటే లోపట పగులున్నట్టు."
ఎవని చేన్లకో ఎన్ని కాల్వలు తవ్విండో,
పార జానెడు అరిగింది, మొన ఎండి లెక్క మెరిసింది.
నేను గూడ బల్ల మీది గొట్టాలను గోరుతోని కొట్టి ఇన్న.
అన్నీ మోగినయి.
పనిముట్టంటే అరగాలె.
ఇవి అరిగితే మాత్రం...
ఆ మాట కాయిదం మీద పెట్టలే.

ఆఖరికి అడుగు అరలకెల్లి తీసిండు ఫోర్‌టెన్ మస్కెట్.
త్రీనాట్‌త్రీకి సవతి చెల్లె. గొట్టం మాత్రం వెడల్పు.
బరువు గంతే, మెట్ల మీద మోత గంతే.
ఒకసారికి ఒక్కటే తూటా. అరవై గజాలు పోతే
దానికే ఆయాసమొస్తది.
"దీనికి పిట్టలు గూడ బెదురయి గదా" అని
దస్తగిరి నవ్విండు.

పోయినేడు వానల్ల ఇదే ఉండె నా చేతిల.
మూడో బురుజు కింద, వంటశాల గోడ మీద మనిషి.
మక్తల్ ఉర్కుందు, కరెంటు మోటర్ల కేసు.
సైరన్ మోగింది. కింద ఉరుకుతున్నరు.
గురి పెట్టిన. వీపు మీద నంబరు సాఫుగ కనబడ్డది.
ఉన్నది ఒక్క తూటా. తప్పితే మళ్ల లేదు.
అందుకని ఒక్క ఊపిరి ఎక్కువ పట్టిన.
ఆ ఊపిరిల కనబడ్డది,
రేకుల అంచుకు తట్టుకున్న తువ్వాల,
దానికోసం సాగిన చెయ్యి.

రాసిచ్చిన. నాలుగు బురుజులకూ ఫోర్‌టెన్.
కారణాలు: రోడ్డు దగ్గర, ములాఖత్ జనం, గోడ ఎత్తు.
గేటు గార్డు సంగతి సాబు ఇష్టం.

ఇంకొక కారణముండె.
పొద్దుగూకే యాల ఉర్కుందు
బెండకాయ మొక్కలకు నీళ్లు పోసుకుంట తలెత్తి
"సారూ, టైమెంతయింది?" అంటడు.
మిగతా తుపాకులకు రెండు చేతులు అతుకబెట్టి ఉండాలె.
దీని తూటా జేబులనే ఉంటది, తుపాకి భుజాన యేలాడ్తది.
ఎడమ చెయ్యి లేస్తది.
"ఐదూ నలభై" అంట.
ఆ ఐదూ నలభైని వాడేం జేసుకుంటడో తెల్వదు.
తలూపి, బకీటు తీసుకొని
మెల్లగ లోపటికి నడుస్తడు.