నూటికి నాలుగు

ధర్మాబాద్ మిర్చి గంజులో
లెక్క రాసే గుమాస్తాని.
సేటు "శేకడా చార్" అంటాడు,
సాయవ్వ "నూటికి నాలుగు" అంటది,
నా క్యాలిక్యులేటర్ మీద మాత్రం
రెండు సున్నాలు, నడుమ ఓ ఏటవాలు గీత.

ఇవాళ ఆమెది ఒక్కటే క్వింటాలు.
నూరు కిలోలు.
శాతమంటే ఇక్కడ దోసిట్లోకి వచ్చే సంగతి:
తరుగు రెండంటే
పక్కకు తీసి పోసిన ఎర్రటి కుప్ప.

కిలో నూట యాభై.
పదిహేను వేల మీద కమీషన్ ఆరువందలు,
రాసేశాను.

"ఆగు బిడ్డా.
తరుగని తీసిన కాయకు
నాకు పైసలియ్యలే గదా,
దాని మీద గూడ నాలుగెట్ల కోస్తవు?"

మళ్ళీ నొక్కాను.
పద్నాలుగు వేల ఏడువందలు.
దాని మీద ఐదువందల ఎనభై ఎనిమిది.
తేడా పన్నెండు రూపాయలు.

సేటు దగ్గాడు. ఘాటు, అన్నాడు.

ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్ళలు.
ఒక బిళ్ళ అరిగిందని మార్పించుకుని
బాసర బస్సెక్కింది సాయవ్వ.

గూట్లో నా చేతిరాతవే
ఎనిమిదేళ్ళ చిట్టాలు.
ఎన్ని పన్నెండ్లో.
ఒకటి దించబోయాను,
పొద్దుటినుంచి కాయ తాకిన చేతులు
ఇప్పుడు మండుతున్నాయి.