పొలమారిన బొమ్మ

చియతూరాలో రాత్రి ఎనిమిది.
గనికార్మికుల క్లబ్బులో కుర్చీలు నలభై, మనుషులు పందొమ్మిది,
ఎవరూ పిలవని కుక్క ఒకటి.

ల్యాప్‌టాప్ తెర మీద
బొమ్మ నూనెలా జారుతోంది.
అదే బొమ్మ
అగ్గిపెట్టెంత నల్లడబ్బాలో దూరి
తీగ పట్టుకుని ప్రొజెక్టర్ దాకా పాకి
గోడ మీద పడేసరికి
నత్తి.

లోయ మీద కేబుల్ కారు వస్తుంది,
ఆగుతుంది.
అక్కడే ఉందనుకుంటామా,
మూడు బారలు ముందు తేలి
మళ్ళీ
ఆగుతుంది.

'దీనికి పొలమారింది' అనుకున్నాను.
జెమాల్ అయితే వెళ్ళి ప్రొజెక్టర్ మాడు మీద
రెండుసార్లు తట్టాడు కూడా.

మొదట కేబుల్‌ని అనుమానించాను.
కేబుల్‌ని అనుమానించడం తేలిక, ఎదురు చెప్పదు.
జెమాల్ ఇంటికి పరిగెత్తి వేరేది తెచ్చాడు
(వంటింట్లో ఉండేదేమో, వెల్లుల్లి వాసన).
అదే నత్తి.

తెర కొలత సగానికి దించాను.
మొహాలు అరిగిన నాణేలయ్యాయి,
ఎక్కిళ్ళు తగ్గలేదు.
సెకనుకి అరవై అన్నచోట యాభై పెట్టాను,
పాత టేపు, దాని నడక దానిది.
కాస్త నయం అన్నారెవరో.
రోగి ఇంట్లో 'కాస్త నయం' అంటే ఏమిటో
నాకు తెలుసు.

వెనక వరుసలో విత్తనాలు ఒలుస్తున్న చప్పుడు.
ముందు వరుసలో త్సియూరి,
ఇరవైయెనిమిదేళ్ళు ఆ కారు మీట పట్టిన చెయ్యి
ఒళ్ళో పెట్టుకుని
కన్నార్పకుండా గోడనే చూస్తోంది.
ఆమె వైపు చూడాలంటే నాకు సిగ్గేసింది.

అప్పుడు కనిపించింది.
డబ్బా తోక నల్ల నోట్లో ఉంది.
నల్లది మేకల బాట, ఒక్కొక్కటే నడవాలి.
పక్కన నీలం నాలుకది నాలుగు బళ్ళు పట్టే రోడ్డు,
అందులో
గురాండా ఫోను చార్జింగు తాగుతూ పడుకుంది.
టేపుని కంప్యూటర్లోకి ఎక్కించిన పిల్ల. ఏమనగలం?

తోక మార్చాను.

గోడ మీద లోయ ఊపిరి పీల్చింది.
కారు తీగ మీద ఒక్క విసురున సాగింది.
గుమ్మంలో ఒతియా, టోపీ ఎత్తాడు, నవ్వాడు,
అవతలి గట్టు చేరిపోయాడు.
మొత్తం పదకొండు సెకన్లు.
చప్పట్లు కొట్టారు. నేనూ కొద్దిగా వంగాను.

"అంతేనా?" అంది త్సియూరి.

ఎవరూ మాట్లాడలేదు.

"ఇందాక టోపీ ఎత్తి నిలబడ్డాడు.
చొక్కాకి పైగుండీ లేదు, అప్పుడు చూశాను.
నేనే కుట్టాల్సింది.
లోయ మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా
ఇలాగే నిలబడేవాడు,
గట్టు మీంచి నేను అరిచేదాన్ని, కారులోంచి అతను,
ఏం అరుచుకునేవాళ్ళమో!
రొట్టె తెచ్చావా, తాళం నీ దగ్గరేనా, అవే.
ఇప్పుడు మాత్రం ఆగకుండా పోయాడు."

తర్వాత, గొంతు తగ్గించి, నాతో:
"బాబూ, మళ్ళీ పాడుచెయ్యగలవా?"

ముప్పైయేళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాను.
ఈ మాట ఎవరూ అడగలేదు.
చెయ్యి కాసేపు లేవలేదు.

నీలంలోంచి తీసి నల్లదాంట్లో పెట్టాను.
ఫోను మళ్ళీ తన చోటికి పోయింది, గురాండాకి సంతోషం.
యాభైని అరవై చేశాను.
ఇంకా చాలదేమోనని
వెల్లుల్లి కేబులే ఉంచాను.

గోడకి పొలమారింది.
గుమ్మంలో సగం ఎత్తిన టోపీ,
సగం ఎత్తిన టోపీ,
సగం.

విత్తనాల చప్పుడు ఆగింది.
ఈసారి మాడు మీద తట్టడానికి
జెమాల్ లేవలేదు.

మర్నాడు రసీదు రాస్తూ
'లోపం సరిచేయడమైనది' అని రాసి, కొట్టేసి,
'లోపం ఉన్నచోట పెట్టడమైనది' అని రాశాను.
జెమాల్ చదవకుండా సంతకం పెట్టి
డబ్బుకి బదులు
ఒక సీసా ఆల్‌బుఖారా పచ్చడి ఇచ్చాడు.
మూత సరిగ్గా పట్టలేదు.
దారి పొడుగునా సంచిలో కారుతూనే ఉంది.