మూడు వందల అరవై ఐదు

మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద అటెండరు చెప్పాడు:
"మీ ఇల్లు మూడొందల అరవై ఐదు అడుగులమ్మా."
ఏడాదికి రోజులెన్నో అన్ని అడుగులు.
లీపు సంవత్సరం వస్తే
ఒక రాత్రి బయట పడుకోవాలి కాబోలని
నవ్వుకుంటూ గంటస్తంభం దాకా నడిచొచ్చాను.

నవ్వొచ్చిన రోజులవి.
పీకో మిషను అమ్మి డీడీ తీసిన వారం.

లాటరీ నాడు కల్యాణ మండపంలో
ఎవరి గుంటనో పిలిచి
ప్లాస్టిక్ బకెట్లో చెయ్యి పెట్టమన్నారు.
బ్లాకు ఇరవై రెండు, మూడో అంతస్తు, తలుపు ఏడు.
ఆ గుంట అంతకుముందే ఐసు తిన్నదేమో
చీటీ ఒక మూల జిగటగా ఉంది.
బీరువా లేనిదాన్ని,
మిషను సొరుగులో బాబిన్ల పక్కన దాచాను.

స్లాబు పడింది. గోడలు లేచాయి.
రంగు రెండో అంతస్తు దాకా ఎక్కి ఆగింది,
జాకెట్టుకి ఒక చెయ్యి కుట్టేసరికి
కరెంటు పోయినట్టు.

కరెంటు పోయినా బ్యాంకు గడియారం ఆగదు.
ప్రతి నెలా ఐదో తారీకు
పూర్తికాని ఇంటికి కిస్తీ,
పదో తారీకు
ఉంటున్న ఇంటికి అద్దె.
రెండిళ్ళదాన్ని నేను!
కంటోన్మెంటులో రేకుల కింద కూర్చుని
ఎవరి పెళ్ళికో హుక్కులు కుడుతూ
ఈ మాట అనుకున్నప్పుడల్లా
సూది నా వేలినే వెతుక్కునేది.

ఆదివారాలు షేరాటో ఎక్కి వెళ్ళి చూసి రావడం అలవాటైంది.
రైలు గేటు దాటాక జీడితోట, ఆ తర్వాత తుమ్మలు,
తుమ్మల వెనక బ్లాకులు,
ఆరేసి మరిచిపోయిన దుప్పట్లలా.

అక్కడే కలిసింది సన్యాసమ్మ.
కాంప్లెక్సు దగ్గర ఉడకేసిన శెనక్కాయలు అమ్ముతుంది.
తలుపు ఎనిమిది.
"నీది ఏడా? అయితే నీ గోడ నా గోడే గదేటి" అంది.
తలుపుల్లేని గుమ్మంలో కూర్చుని పొట్లం విప్పింది.
"గాలికి కరువు లేదు సెల్లీ.
మా ముసిలోడి మోకాళ్ళే ఈ మెట్లు ఎలాగెక్కుతాయో.
జూట్ మిల్లు తినీసినాది వాటిని."

ఇళ్ళకంటే ముందే ఇరుగుపొరుగయ్యాం.
చింతపండు బదులు తెచ్చుకోవడానికి పొయ్యిలు లేక
కబుర్లే బదులు తెచ్చుకున్నాం.

ఒకసారి టేపు పట్టుకెళ్ళాను.
ఇంజనీర్ల అడుగుల మీద నమ్మకం లేక
అంగుళాల్లో కొలిచాను.
వంటగదిలో చేతులు చాపితే
రెండు గోడలూ తగిలాయి,
కౌగిలించుకున్నాయో అడ్డుకున్నాయో తెలియలేదు.
కిటికీ కింద సుద్దతో గీసి 'మిషను' అని రాశాను.
మంచం గీశాను. మంచం కింద ట్రంకుపెట్టె గీశాను.
మూడంతస్తులూ ఎక్కొచ్చిన మేకపిల్ల ఒకటి
మంచం గీతల మధ్య పడుకుంది, కిస్తీ కట్టకుండానే.

అప్పుడు తట్టింది.
జాకెట్టు కుట్టేటప్పుడు పక్కల్లో
రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదులుతాం.
ఒళ్ళొస్తేనో కాన్పయితేనో విప్పుకోవడానికి.
ఎంత చాలీచాలని గుడ్డ తెచ్చినా
ఆ మడత చూసుకోకుండా
నేను కత్తెర పెట్టలేదు.
ఈ ఇంటికి మడత లేదు.
రేపు మా వాడికి పెళ్ళయితే
ఏ కుట్టు విప్పాలి?

సన్యాసమ్మనే అడిగాను.
ఒళ్ళో పొట్టు దులుపుకుని
రెండు గుమ్మాల మధ్య వసారా చూపించింది.
"ఇది ఎవుల్దీ కాదు.
ఎవుల్దీ కాదంటే మనిద్దరిదీని."

తాళాలు మొన్న వైశాఖంలో ఇచ్చారు.
కొళాయికి ఇంకా నీళ్ళ జాడ తెలియదు,
బిందె నేనే ఎక్కిస్తున్నాను.
సన్యాసమ్మ ముసిలాయన మొదటి రోజు ఎక్కినవాడు
ఇంతవరకూ దిగలేదు.
వసారాలో కుర్చీ వేసుకుని
తుమ్మల మీదుగా రైళ్ళు లెక్కపెడతాడు,
రాయగడ వైపు ఎన్ని, విశాఖ వైపు ఎన్ని.

మిషను సుద్ద గీతల మీదే పెట్టాను. గీతలు తుడవలేదు.
కిస్తీలు ఇంకా పద్నాలుగేళ్ళు.

ఆ మేక పెద్దదైంది.
అప్పుడప్పుడు మెట్లెక్కి వచ్చి
గుమ్మం బయట నిలబడి
తన ఇంట్లో ఎవరో అద్దెకు దిగినట్టు
నా వైపే చూస్తుంది.