ఇతరములు

నా పేరు మూడు లిపుల్లో మూడు రకాలు.
గునుపురం బడి సర్టిఫికెట్టులో ఒడియా గుండ్రదనంతో తారిణీ పొట్నూరు,
రేషను కార్డులో తరిణి పొట్నురు,
ఢిల్లీ నుంచి వచ్చిన మెయిల్లో
డియర్ మిస్టర్ పొట్నూర్.

ఆ మిస్టరు గురించి వాళ్ళు చింతిస్తున్నారట.
ఈ ఏడు దరఖాస్తులు బాగా ఎక్కువట.
ఆయన మున్ముందు ప్రయత్నాలన్నీ ఫలించాలట.

పదిహేడోది ఇది.
పదిహేడూ ఒకే అచ్చు, కరెంటు బిల్లుల్లా,
తేదీ మారుతుందంతే.

అభివృద్ధి అధ్యయనాల్లో ఎమ్మే నాది.
"మరైతే ఏటి అభివృద్ధి సేసినావమ్మా?"
మా చిన్నమామ కనపడినప్పుడల్లా అడుగుతాడు.
నవ్వేస్తాను.
పన్నెండో ఇంటర్వ్యూలోనూ అదే అడిగారు,
ఇంకాస్త మంచి ఇంగ్లీషులో.

ఈలోగా ఫారానికి నూట నలభై.
దండాసి బండి వెనక కూర్చుని
పుట్టాసింగి ఘాటీ ఎక్కుతాను
ట్యాబుని గుండెకి కరుచుకుని,
జ్వరమొచ్చిన పిల్లనెవరినో
ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టు.

నలభై రెండో ప్రశ్న:
గడిచిన ముప్పై రోజుల్లో
మీ ఇంట్లో సరిపడా తిండి లేని రోజులు ఎన్ని?
తెర మీద ఇంగ్లీషు, కింద ఒడియా,
నా నోట్లో కాసేపు తెలుగులో నాని
సవర మాటగా బయటికొస్తుంది,
అంచులు విరిగి.

సొంబారి సబర అంబలి కలుపుతూ
గంటె ఆపలేదు.
"ఎవరికి సరిపడా?" అంది.

సున్నా నుంచి ముప్పై దాకా అంకె కావాలి ట్యాబుకి.
తెలియదంటే తొంభై ఎనిమిది.
ఇతరములైతే తొంభై తొమ్మిది.

"పిల్లలకి సరిపోయిన రోజులు అడుగుతున్నావా,
నాకు మిగిలిన రోజులా?
అవీ ఇవీ ఒకటి కావుగా."

తొంభై తొమ్మిది నొక్కాను.
కింద దండాసి హారన్ కొట్టాడు.
ఇంకా ఆరిళ్ళున్నాయి.

ఏడు నెలలకి నివేదిక వచ్చింది.
మిన్నాకేతన్ జెరాక్సు షాపులో తెరిచి చూశాను.
ఆరో పట్టిక కింద, చీమలబారు అక్షరాల్లో:
'ఇతరములు' స్వల్పం గనక తొలగించడమైనది.

సొంబారి అంబలి అక్కడ చల్లారింది.

కృతజ్ఞతల పేజీ వెతికాను.
క్షేత్ర సిబ్బందికి, అని ఉంది.
అందులో నేనున్నాను,
దండాసి పోసిన పెట్రోలు కూడా ఉండే ఉంటుంది.

పద్దెనిమిదో ఇంటర్వ్యూ ఆ నివేదిక వేసిన వాళ్ళదే.
అదే షాపు, వెనక గది,
లామినేషను మెషిను వేడి వాసన.
తెర మీద ముగ్గురు, వాళ్ళ వెనక పుస్తకాలు.
నా వెనక పాస్‌పోర్టు ఫొటోలకి కట్టిన నీలం గుడ్డ.

ప్రచురణలు?
లేవు.
ఎవరి దగ్గరైనా పరిశోధన సహాయకురాలిగా?
లేదు.
మా పని ఏదైనా చదివారా?
చదివాను మేడం. ఆరో పట్టిక.
తీసేసిన పదకొండు జవాబుల్లో నాలుగు నేను తెచ్చినవి.
ఒకటి చెప్పనా?

చెప్పమనలేదు, వద్దనలేదు.
నెట్టు ఆగిపోయి ముగ్గురూ
నోళ్ళు సగం తెరిచి నిలిచిపోయారు.
అప్పటికే మొదలుపెట్టేశాను నేను.
గంటె దగ్గర్నుంచి చెప్పాను, పొయ్యి దగ్గర్నుంచి,
సవర మాట సవరలోనే చెప్పి తర్వాత అర్థం చెప్పాను.
వంశధార దాటి ఎంత వెళ్ళిందో,
నీలం గుడ్డ ఒక్కటే ఎంత విన్నదో.

బొమ్మ కదిలేసరికి
మధ్యలో ఆవిడ కలం మూత తీస్తోంది.
రాసుకోడానికో,
పేరు కొట్టేయడానికో.

మిన్నాకేతన్ గంటకి ముప్పై తీసుకుని
"అయిపోయిందా?" అన్నాడు.
తొంభై ఎనిమిది, అన్నాను.
చిల్లర తప్పిచ్చాడేమోనని మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

బయట దండాసి ఇంజను ఆపకుండా ఉన్నాడు.
రెండో విడత సర్వే, పాత ఊళ్ళే.
నలభై రెండో ప్రశ్న ఒక్క అక్షరం మారలేదు.
సంచిలో ట్యాబు కింద ఈసారి
నాదొక రూళ్ళ పుస్తకం.