బోటు బయల్దేరేలోగా

కొత్త బోటు నీళ్ళలో దిగిన వీడియో,
నాలుగు గంటలది.
తెల్లారగట్ల వేటకెళ్ళేలోగా
తొమ్మిదిమంది ఫోన్లలోనూ ఉండాలన్నాడు వాసుపల్లి ఎల్లాజీ.

అల్లిపురం సందులో నా పాత కంప్యూటర్
ఫ్యాను గొంతు చించుకుంటోంది.
ఇంకా పదకొండు గంటలంటోంది తెర.

డాల్ఫిన్స్ నోస్‌తో పేచీ లేదు.
కొండ కదలదు, ఒక్కసారి రాసుకుంటే
వెయ్యి ఫ్రేములకి "అదే" అంటే చాలు.
పేచీ అంతా సముద్రంతోనే.
ఏ అలా ముందు అల చెప్పినట్టు వినదు.

అప్పుడు తెలిసింది,
ఆరేళ్ళుగా ఈ పెట్టెలోనే ఊరికే కూర్చున్న చిప్పు
ఈ పనికే పుట్టిందని.
చేసిన కంపెనీయే మర్చిపోయిన దానికి
ముక్కూ మొహం తెలియని మనిషెవరో
డ్రైవర్ రాసి, అందరికీ వదిలేసి,
కింద ఒక్క వాక్యం పెట్టాడు:
"నాదీ ఈ పాత మిషనే."

ఒక ఆప్షన్ చేర్చి ఎంటర్ కొట్టాను.
ఫ్యాను సద్దుమణిగింది.
ఎన్నాళ్ళకో
హార్బర్‌లో ఓడ కూత నా గదిలోకొచ్చింది.
టీ చల్లారకముందే సగం అయిపోయింది.

జెట్టీ మీద ఎల్లాజీ
ఫోను కళ్ళకి ఆనించుకుని,
"బోటు బాగున్నాది గానీ బావూ,
నురగేటి, పెంకు ముక్కల్లాగున్నాది?"

వాడి కన్నే కన్ను.
తొందరలో చిప్పు
నురగని గళ్ళు గళ్ళుగా కోసేసింది.

నువ్వెళ్ళిరా అన్నాను.
వాళ్ళకి పది రోజుల వేట,
నాకు పదకొండు గంటలు చాలు.

చిప్పుకి సెలవిచ్చాను.
ఫ్యాను మళ్ళీ అరుస్తోంది.
అరవనీ.