నూట ఇరవై రియాళ్ళ లోపు

ఫ్రేము ఒక్కటే కొనాలి.
చక్రాలున్నాయి, హ్యాండిలుంది,
బ్రేకులు క్యాంపులో నా మంచం కింద
అట్టపెట్టెలో రెండు నెలలుగా పడుకునున్నాయి.
పాతది అమరాత్ కొండల్లో, దిగుడులో విరిగింది.
నేను విరగలేదు. మోచెయ్యి లెక్కలోకి రాదు.

చిక్కల్లా చక్రాలతోనే.
ఇరవయ్యారు అంగుళాలు. ఆ సైజు ఇప్పుడెవరూ చెయ్యరు.
కొత్త ఫ్రేములో పెడితే
నాన్న చెప్పుల్లో పిల్లాడి కాళ్ళు.

"బేరింగులకి పన్నెండు ముందే తీసి పక్కన పెట్టు" అన్నాడు రోడెల్.
క్రేన్ కింద చేతులూపే మనిషి, సెబూ వాడు,
శుక్రవారాలు అందరి సైకిళ్ళూ విప్పుతాడు.
బేరింగు ఖర్చు రాసుకోనివాడు
పెళ్ళిలో వడ్డన ఖర్చు మరిచినవాడితో సమానం
అన్నాడనే నాకర్థమయింది.
అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ
దారి మధ్యలో ఎక్కడో కలుసుకుంటాయి.

మొదటిది కార్బన్.
ఘాలాలో, కారు అద్దాల షాపు వెనక.
నల్లగా నిగనిగ, చంకనెత్తుకుంటే పిల్లి బరువు.
తొంభై అయిదు. ఇంత తక్కువెందుకని అడిగితే
అమ్మేవాడు ఏసీ కేసి చూశాడు.
యాభై బైసాల బిళ్ళ తీసి
గొట్టం పొడవునా కొట్టుకుంటూ పోయాను.
టంగ్ టంగ్ టంగ్ టంగ్
పెడళ్ళ ఇరుసు దగ్గర, దబ్.
గాజువాక సంతలో కొబ్బరికాయ కొనే మా అత్తకైనా తెలుసు
దబ్ అంటే ఏమిటో.

రెండోది అల్యూమినియం. ఆకుపచ్చ.
దీని గురించి చెప్పడం కష్టం, నాకు నచ్చింది కాబట్టి.
వెల్డు చేప పొలుసుల్లా వరసగా,
ఎవడో చెయ్యి వణక్కుండా కూర్చుని వేశాడు.
నూట ఎనిమిది. నా చక్రాలు పట్టే కొలతే.
హిలాల్ గారు బడిలో లెక్కలు చెబుతారు,
ఖర్జూరాలు పెట్టి, కహ్వా పోసి
ఒక్క గీత కూడా లేదన్నారు.
ఆయనకు తెలిసినంతలో నిజమే.

గీతలు వెతకడం నా ఉద్యోగం.
రుసైల్ యార్డులో పైపులకీ ట్యాంకులకీ
ఎర్ర రంగు కొట్టు, పది నిమిషాలాగు, తుడువు,
తెల్ల పొడి కొట్టు, మళ్ళీ ఆగు.
ఆగడానికే నాకు జీతం.
సంచిలోంచి డబ్బాలు తీస్తూ సిగ్గుపడ్డాను,
భోజనానికి పిలిస్తే తూకం రాళ్ళు తెచ్చుకున్నట్టు.
ఆయన నవ్వి, కానీమన్నారు.
రంగు ఇంకే పది నిమిషాలూ కూతురి పరీక్షల సంగతి చెప్పారు.

షాక్ బిగించే చోట, వెల్డు అంచున
వెంట్రుకంత ఎరుపు మొదలై
చిటికెన గోరంత సాగింది.
దిద్దే కాగితంలో తప్పు దొరికినట్టు
ఆయనే ముందు చూశారు.

ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నా జేబులోని మార్కరు అడిగి తీసుకుని
ఆకుపచ్చ గొట్టం మీద ఒకే మాట రాశారు,
"లా".
కాదు.
ఇక దాన్నెవరికీ అమ్మరు.
మార్కరు తిరిగిచ్చి, రెండో కప్పు పోశారు.

మూడోది వాదీ కబీర్, పాత సామాన్లవాడి దగ్గర.
రంగు లేచిన బూడిద రంగు, వెనక కదలిక నాలుగంగుళాలే,
ఎత్తితే గ్యాస్ బండ.
నలభై అన్నాడు, ముప్ఫైకి దిగాడు.
ఎర్రది కొట్టాను, తుడిచాను, తెల్లది కొట్టాను.
తెలుపు తెలుపుగానే ఉంది.
నమ్మకం లేక ఇంకో పది నిమిషాలు చూశాను.
ఏమీ లేకపోవడాన్ని ఎప్పుడూ అంతసేపు చూడలేదు.
బేరింగులు మాత్రం తుప్పు ముద్దలు.
పన్నెండు కాస్తా పంతొమ్మిదయింది. రోడెల్ తిట్టాడు, తన భాషలో.

శుక్రవారం అయిదింటికి, ఎండ కొండెక్కక ముందే,
అమరాత్‌లో అదే దిగుడు, అదే రాయి.
మోకాళ్ళు దెబ్బకి సిద్ధమై బిగుసుకున్నాయి.
సగమే వచ్చింది.
మిగతా సగం ఎక్కడ దిగిందో
కీచుమన్న ఆ పాత షాకునే అడగాలి.

"బరువెలా ఉంది?" వెనకనుంచి రోడెల్ కేక.
వినబడనట్టు తొక్కాను.
జేబులో ఇంకా డెబ్బై ఒకటి.
గోళ్ళ సందుల్లో ఎరుపు వదల్లేదు,
ఆ ఆకుపచ్చా వదల్లేదు.