ఐదో లేన్

హీట్స్‌లో మొదట వచ్చినవాళ్లకి నాలుగో లేన్,
తర్వాతివాళ్లకి ఐదు.
మూడేళ్లు నేను ఐదు.
కాబట్టి వసుంధర గురించి నన్నడగండి.
ఆమె కాళ్ల నురగ తాగి పెరిగినదాన్ని.

పేరేమో భూమిది, ఉండడం నీళ్లలో.
జయనగర్ ఈతకొలను, డిసెంబరు, తెల్లవారుజాము ఐదుంపావు.
నీళ్ల మీద పొగలా ఆవిరి.
పాలవ్యాన్లు కూడా కదలని వేళ
మేమంతా తువ్వాళ్లలో ముడుచుకుని
ఎవరు ముందు దిగుతారా అని చూస్తుంటే
"ఎలాగూ తడవాలి కదే" అని దూకేసేది.
ఆమె ధైర్యం గురించి
ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

వాళ్ల నాన్న బస్సు డిపోలో టైర్లు మార్చేవాడు.
చిరిగిన ట్యూబుల్ని సన్నగా కోసి తెస్తే
కిటికీ చువ్వకి కట్టుకుని
రాత్రి అన్నం తిన్నాక రెండొందల సార్లు లాగేది.
రబ్బరు, క్లోరిన్, కొబ్బరినూనె:
రిలేలో ఆమె వెనక నిలబడితే
ఈ మూడూ కలిసి కొట్టేవి.

బోపయ్య సార్‌ది కొడగు.
గట్టు మీద మాతోపాటు పరిగెడుతూ
"ఉసిరు! ఉసిరు!" అని అరిచేవాడు.
కన్నడంలో అది ఊపిరి.
మా అమ్మ నోట్లో ఉసురు వేరు,
ఏడిపించినవాళ్లకి తగిలేది.
నీళ్లలో చెవి సగమే వింటుంది.
నాకు ఏది వినపడేదో ఇప్పుడు చెప్పలేను.

బటర్‌ఫ్లై అంటే సీతాకోకచిలుక అనుకుంటారు జనం.
రెండొందల మీటర్లు, చివరి యాభైలో
ఎవరి రెక్కలైనా రోకళ్లే.
ఆమెవి కాలేదు.
మొదటి ఏడాదే యూనివర్సిటీ రికార్డు:
రెండు నిమిషాల ముప్పై ఒకటి, పాయింట్ నాలుగు సున్నా.
రెండో ఏడాది మద్రాసులో మూడు బంగారాలు.
తిరుగు రైల్లో వాటిని టిఫిన్ డబ్బాలో వేసి
తల కింద పెట్టుకుని నిద్రపోయింది.
నా వెండి పతకమూ అందులోనే,
పులిహోర వాసనేసుకుంటూ.
జోలార్‌పేట దాకా ఆ గలగల వింటూ
నేను మేలుకునే ఉన్నాను.

మూడో ఏడాది ఫైనల్.
నూట ఇరవై మీటర్ల దగ్గర
నా కుడి పక్క నురగ ఆగిపోయింది.
నేను ఆగలేదు.
గోడ ముట్టుకుని తలెత్తితే
బోర్డు మీద ఐదుకి ఎదురుగా ఒకటి.
ఎవరిదో పేరు చదివినట్టు నా పేరు చదివాను.
వెనక్కి తిరిగితే
ఆమె ఒంటి చేత్తో వస్తోంది.
బటర్‌ఫ్లైలో అలా వస్తే లెక్కలోకి రాదు,
ఆమెకి తెలుసు.
వచ్చి, గోడ ముట్టుకుని,
భుజం పట్టుకుని నాతో అంది:
"క్యాప్ తియ్యవే కాస్త, చెయ్యి లేవట్లేదు."
తీశాను.
ఆ చెయ్యి మళ్లీ ఆ ఎత్తుకి లేవలేదు.

నిరుడు ఒక పిల్ల ఆ రికార్డు పడగొట్టింది,
సెకనులో పదకొండు వందో వంతుల తేడాతో.
చెబుదామని నేనే ఫోన్ చేశాను.
ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి టిఫిన్ టైముకి వచ్చింది,
మెళ్లో కార్డు, కాస్త ఒళ్లు చేసి.
దర్శినిలో నిలబడి బై టూ కాఫీ చెప్పాం.
ఇరవై రెండేళ్లుగా గొంతులో ఉన్నది అప్పుడనేశాను:
"ఆ రోజు నీకు తగిలింది నా ఉసురే."

గ్లాసు దించి నవ్వింది.
"నీకు ముందర నేనైనా ఉండేదాన్ని కదే.
నా ముందర ఉత్త నీళ్లు.
నీ కాళ్ల చప్పుడు దగ్గరైతేనే
నేను వేగం పెంచేదాన్ని.
అది దూరమైన రోజు
ఎటు పోతున్నానో తెలిసేది కాదు."

ఆ పిల్లకి ఐదో లేన్‌లో ఎవరని అడిగింది.
నేను చూడలేదన్నాను.

సగం సగం పోసిన రెండు గ్లాసుల్నీ
కంటి ఎత్తున పట్టి చూసి
మూడు చుక్కలు ఎక్కువున్నది
తనవైపు జరుపుకుంది.